పని ఎలా చేయాలో ఎవరు చెబుతారు?

తమ్ముడూ,

వచ్చే నెల నుంచి నీకు టైల్స్ పని ఇప్పించే ఏజెన్సీ వాళ్ళు నిన్ను సొంతంగా పని చేసుకునేవాడిగా కాక తమ ఉద్యోగిగా లెక్కేసి, డబ్బు నీ చేతికి రాకముందే పన్ను కోసేస్తారట. నీ పేరున వచ్చిన కవరులో ఉంది. ముందు భోంచెయ్యి, వాళ్ళు పంపిన దేనిమీదా సంతకం పెట్టకు. అభ్యంతరం చెప్పడానికి రేపే ఆఖరు.

ఎందుకిలా అని వాళ్ళ గుమాస్తాకి ఫోన్ చేశాను. "టైల్స్ ఎలా వేయాలో మీ తమ్ముడికి సూపర్‌వైజర్ చెబుతాడటగా అమ్మా. ఒకరు దగ్గరుండి చెప్పి చేయిస్తే అది సొంత పని కాదు, రూల్ అంతే" అన్నాడు. పని ఎలా చేయాలో ఎవరు చెబుతారన్న ఒక్క ప్రశ్న మీద ఇంత నడుస్తుందని నాకు ఇవాళే తెలిసింది. పనిముట్లు నీవి. ఏ వరస ఎక్కడ మొదలెట్టాలో తేల్చేది నువ్వు. జ్వరమొస్తే నీ బదులు ఇంకో మేస్త్రీని పంపావు. ఇవన్నీ రాసి, సూపర్‌వైజర్ చేత కూడా సంతకం పెట్టించు.

పనిలో చేరేటప్పుడు వాళ్ళకిచ్చిన ఫారం నింపేముందు నన్నొక మాట అడిగితే నీ సొమ్మేం పోయింది? అందులో ఆ ప్రశ్నకి జవాబుగా "పెద్దలు చెప్పినట్టే నడుచుకుంటాను" అని ఉందట. బుద్ధెరిగాక నువ్వు ఎవరి మాటా విన్న పాపాన పోలేదే! ఇది ఎవరి రాతో నాకు అంతుపట్టడం లేదు. బస్సుకి టైమైంది.

అక్క

ఒరేయ్, నేను, నాన్నని. అక్క వెళ్ళాక ఇది చదివాను. నువ్వు సంతకం పెట్టి బల్ల మీద వదిలేసిన ఫారం నింపింది నేనే. "నాకెవరూ చెప్పక్కర్లేదు" అని నీ పేరున రాస్తే పొగరుబోతువనుకుని నీకు పని ఇవ్వరేమోనని భయపడ్డానురా.