నాన్న సమాధి రాయి

భాయీజాన్‌కు మీ చెల్లెలి సలాములు.

పోలీసులకు ఫిర్యాదు ఎందుకివ్వలేదని ఫోన్లో కోప్పడ్డారు. ఫోన్లో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. అమ్మీకి మాత్రం చదివి వినిపించకండి.

నాన్న సమాధి రాయి మీద మీరు దగ్గరుండి చెక్కించిన ‘బిస్మిల్లా’ ఇప్పుడు లేదు. మనలాంటి అహ్మదీలు ముసల్మానులు కారని పాకిస్తాన్ చట్టమే చెబుతోంది కదా, వాళ్ళకు ఆ మాట ఎందుకని బజారు మసీదు మౌల్వీ అర్జీ పెట్టాడు. శుక్రవారం నమాజు కాగానే ఇన్‌స్పెక్టర్ నన్ను శ్మశానానికి పిలిపించాడు.

“బీబీ, మీరే చెరిపేయండి. అల్లా పేరు మేం చెరిపితే పాపం” అన్నాడు మర్యాదగానే.

“నేను చెరిపితే పాపం కాదా?”

“మీరు ముసల్మానులు కారుగా.”

నేను చెయ్యనన్నాను. అప్పుడు తాపీమేస్త్రీ యాకూబ్ మసీని పట్టుకొచ్చారు. అతను క్రైస్తవుడు. తాపీ చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూడలేకపోయాడు.

“మాఫ్ చెయ్యండి బాజీ. కాదంటే రేపు మా చర్చి మీదికొస్తారు” అని, ఆ అక్షరాల మీద సిమెంటు పూశాడు.

మౌల్వీ మనుషులే వచ్చి ఉంటే పోలీసుల్ని పిలిచేదాన్ని. సిమెంటు తెచ్చిందే పోలీసులు. సర్కారే ఒక మతం పక్షాన నిలబడితే ఫిర్యాదు ఎవరికిచ్చేది, భాయీజాన్?

పని అయ్యాక అందరూ వెళ్ళిపోయారు, ఒక్క కానిస్టేబుల్ తప్ప. తడి సిమెంటు మీద నేను వేలితో మళ్ళీ రాస్తానేమోనని, అది ఆరేదాకా అతన్ని కాపలా పెట్టారు.

మీ చెల్లెలు