పటేలు పిస్తోలుకు పసుపు

తాండూరు, 1957. దసరాకు ముందు రోజు.

బాగుచేయమని పటేలు నా దుకాణానికి తెచ్చిన పిస్తోలు విప్పితే లోపల ఏళ్ల నాటి పసుపూ కుంకుమా నూనెతో కలిసి గట్టిపడి ఉన్నాయి. ప్రతి దసరాకూ పూజ చేసి, తుడవకుండానే పెట్టెలో పెడతారట! అంతా గీకి, అరిగిపోయిన సేఫ్టీ మీట తీసేసి కొత్తది బిగించాను. ఖాళీ పిస్తోలుతో పదిసార్లు చూశాను. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కితే తొమ్మిదిసార్లు ఆగింది. ఒకసారి మాత్రం ఘోడా, అదే తూటాను పేల్చే సుత్తి, పడింది. తూటా ఉంటే పేలేదే. మళ్లీ విప్పి చూశాను. ఎందుకో అంతు చిక్కలేదు.

"రెండు దినాలు ఉండనియ్యుండ్రి పటేలా, నాకు జర అనుమానమున్నది" అన్నాను.

"రేపు పొద్దుగాల ఆయుధ పూజ ఉస్తాద్. ఇది లేకుంటె ఎట్ల?"

"అయితే తూటాలన్న తీసి పెట్టుండ్రి."

ఆయన నవ్వాడు. "ఖాళీ ఆయుధానికి పూజ చేస్తరా? మా తాతల కాలంకెల్లి నింపే పెడ్తం. గీసారి నా మనుమరాలు బొట్టు పెడ్తది. ఏడేండ్లొచ్చినయ్ దానికి."

చేతులు జోడించి బతిమాలాను. వినలేదు. పటేలు చేతిలోంచి లాక్కోవడానికి నేనెవరిని? ఠాణాలో చెబుదామంటే, రేపు అమీన్ సాబ్ భోజనం ఆ ఇంట్లోనే.

పోయే ముందు నా ఎదుటే తూటాలు నింపి, సేఫ్టీ వేస్తూ, "ఇను, ఎంత మంచిగ పడ్డదో" అన్నాడు.

మీట టక్కుమంది. అది ఘోడాను పట్టినప్పుడూ అదే చప్పుడు, పట్టనప్పుడూ అదే చప్పుడు.