ఊరొచ్చె, దిగు

వెంకటలక్ష్మీ,

యుద్ధంలో టైర్లు దొరక్క మూలబడిన మన సైకిలుకు, నువ్వు కన్నుమూసిన ఇన్నాళ్లకు టైర్లు దొరికినాయి. ఈ పొద్దు చింతామణి నుంచి మురుగమల్ల దోవన ఒక్కణ్ణే పోయినాను. ఆదివారమొస్తే పనేమీ లేకున్నా ఇద్దరం గాలికి పోతాంటిమే, ఆ దోవే.

దోవలో ఊరు కనపడతానే నోటికి ఆ మాటే వచ్చింది: "ఊరొచ్చె, దిగు." పెండ్లాన్ని వెనక కూర్చోబెట్టుకుని ఊర్లో తిరిగితే నలుగురూ నవ్వుతారని నిన్ను దించేసి, నేను ముందే పోయి ఊరవతల నీడలో నిలబడతాంటి. నువ్వు ఎండలో ఊరంతా నడిచొచ్చి, చీర దుమ్ము దులుపుకుని మళ్లీ ఎక్కుతాంటివి. నీ కాల్లో ముల్లు దిగినప్పుడు కూడా దించినాను.

ఈ పొద్దు దాహమై ఊర్లో ఆగితే, వాకిట్లో చింతపండు కొడతాండే ముసలమ్మ నీళ్లిచ్చి నన్ను గుర్తుపట్టింది.

"ఆయమ్మ యాడప్పా?" అనింది. నువ్వు లేవని చెప్పినాను.

"మా ఊరు వచ్చేతలికి మీ ఇద్దరికీ ఏం జగడమొస్తాండెనో గానీ, పాపం, ఆయమ్మ ప్రతిసారీ ఒంటిగా నడిచిపోతాండె" అనింది.

"అవునమ్మా, జగడమే" అని చెప్పి వచ్చేసినాను. నిజం చెప్పేదానికి ఈ పొద్దు కూడా నాకు సిగ్గయింది.