అర ఊపిరి ఆలస్యం

మాంట్రియల్,
19 ఫిబ్రవరి 1991.

చెల్లాయి మిరేయ్‌కి, అన్నయ్య గిస్లాన్ రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టి రాస్తున్నది.

ఇక్కడ అందరం కులాసా. మన డాన్సు కంపెనీలో కులాసా అంటే ఈ వారం ఎవరి ఎముకా విరగలేదని అర్థం, నీకు వేరే చెప్పాలా. షికూతిమిలో నువ్వూ అమ్మా కూడా బాగానే ఉన్నారని తలుస్తాను. అమ్మ పంపిన మాంసం రొట్టె బస్సులో గడ్డకట్టి ఇటుకలా దిగింది. రేడియేటర్ మీద పెట్టి కరిగించుకుని తిన్నాం. నాలాగే గోడ కింద నిలబడి మనుషుల్ని పట్టే నోర్మాన్ మూడు ముక్కలు లాగించి, "మీ అమ్మని నేను పెళ్ళాడతాను రోయ్" అన్నాడు. "గుమ్మం ముందు మంచు ఎత్తడానికి కూడా నిన్ను పెట్టుకోదు మా అమ్మ" అన్నాను.

ఇక నువ్వడిగినవి. గోడ అదే గోడ, రెండు మనిషెత్తులు. మనం రిహార్సల్ చేసే ఆ పాత చెప్పుల ఫ్యాక్టరీలోనే ఉంది, చలి కూడా అక్కడే ఉంది. మన కంపెనీ నడిపే ఒడిల్ కూడా ఏమీ మారలేదు. మొన్న రిహార్సల్‌లో జోస్లిన్‌ని పట్టుకుని, "నిన్ను గోడమీంచి దూకమన్నాను తల్లీ, బంగాళదుంపల బస్తాలా జారమనలేదు" అంది. జోస్లిన్ అంటే నీ బదులు దూకుతున్న కొత్త పిల్ల. ఇరవై ఏళ్ళుంటాయి. బాగా చేస్తోందా అని అడిగావు. చేస్తోంది. నీకన్నా బాగా చేస్తోందా అని కూడా రాసి కొట్టేశావు, కాగితాన్ని దీపానికి అడ్డం పెడితే కనబడింది. చేయదు.

డాక్టరు సరేనన్నాడనీ, మార్చి అయిదున బస్సెక్కుతున్నాననీ రాశావు. తుంటిలో మేకు ఉన్నా పర్వాలేదన్నావు. "ఎవరి చేతుల్లోకీ దూకను, అన్నయ్య చేతుల్లోకే దూకుతాను" అన్నావు. ఆ తరవాతి వాక్యం మాత్రం నాకు నిద్ర లేకుండా చేసింది. నేను నేర్పిన అభ్యాసం వంటింటి మెట్టు మీంచి రోజుకి నలభైసార్లు చేస్తున్నావట. అమ్మ మడమతో నేల తన్నగానే ఊపిరి వదిలి, ఇంకో అర ఊపిరి ఆగి, వెనక్కి పడుతున్నావట. ఇప్పుడు ఆ ఆగడం ఒంటికి పట్టేసిందట, ఆలోచించక్కర్లేకుండానే వచ్చేస్తోందట.

మిరేయ్, అది మరిచిపో. ఆ అర ఊపిరి ఆగితే చస్తావు.

కింద ఉన్నవాడు మడమ తన్ని, మోకాళ్ళు వంచి, చేతులు పైకి విసిరి, ఆ ఊపులో పట్టుకుంటాడు. నువ్వు ఆలస్యంగా వస్తే వాడి చేతులు అప్పటికే దిగిపోయి ఉంటాయి. నీకిది తెలుసు, నాకంటే బాగా తెలుసు. అయినా అన్నయ్య చెప్పాడు గనక నమ్మావు.

నువ్వు వేళకి ముందే దూకలేదు. జూన్‌లో నువ్వు కిందపడిన ఆ మధ్యాహ్నం సరిగ్గానే దూకావు. వేళకి, నిటారుగా, ఎప్పటిలాగే.

ఆ వారం పేపర్లో ఏం రాశారో గుర్తుందిగా. నువ్వు గాలిలో పుట్టినదానివనీ, కింద ఉన్న మనిషి మంచి గట్టి ఫర్నిచర్ అనీ. దానికి అందరూ నన్ను కుర్చీ అని పిలిచారు. నువ్వూ పిలిచావు. భోజనాల దగ్గర "ఏయ్ కుర్చీ, ఆ ఉప్పు ఇలా అందుకో" అన్నావు. అందరితోపాటు నేనూ నవ్వి ఉప్పు ఇచ్చాను. లోపల మండిపోయింది.

మా పట్టేవాళ్ళలో ఒక ఆట ఉంది, దూకేవాళ్ళకి చెప్పం. కోపం వచ్చిన మనిషిని భుజాల ఎత్తులో పట్టకుండా నడుం దాకా రానిచ్చి పట్టుకుంటాం. చూసేవాళ్ళకి తెలియదు. పడేవాళ్ళకి మాత్రం పేగులు నోట్లోకి వస్తాయి. ఆ ఆట ఈ కంపెనీలో మొదలుపెట్టింది నేనే. ఆరోజు నిన్ను కాస్త భయపెడదామనుకున్నాను, అంతే. చేతులు చెమట పట్టి ఉన్నాయి. నువ్వు జారిపోయావు.

తలకి దెబ్బ తగిలి నీకా క్షణం గుర్తు లేదు. కళ్ళు తెరవగానే "ఏమైందన్నయ్యా?" అన్నావు. "తొందరపడ్డావు మిరేయ్" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోటికి అదే వచ్చింది. ఆ తరవాత మన కంపెనీ ఆనవాయితీ నీకు తెలిసిందే. దెబ్బ తగిలిన మూడోనాడు అందరూ చుట్టూ చేరాలి, తప్పు చేసినవాళ్ళు పైకి చెప్పాలి, ఒక్క చప్పట్టు కొట్టాలి, మళ్ళీ దాని ఊసెత్తకూడదు. నీ కోసం ఆసుపత్రి మంచం చుట్టూ చేరాం. నువ్వు నా చెయ్యి పట్టుకుని, "నేనే ముందు దూకాను. గిస్లాన్ పాపం ఏమీ చేయలేకపోయాడు" అన్నావు. అందరం చప్పట్టు కొట్టాం. కొట్టడానికి నా చెయ్యి నీ చేతిలోంచి లాక్కోవలసి వచ్చింది.

ఆ అబద్ధం నిలబడాలనే ఉత్తరాల్లో నీకు ఆ అభ్యాసం నేర్పాను. లేని తప్పు దిద్దించాను.

నీ ఉత్తరం అందిన రోజే ఒడిల్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ సిగరెట్టు ఆర్పకుండానే విన్నది.

"తప్పు తనదేనని ఆ పిల్ల చెప్పేసింది కదా" అంది. "చప్పట్టు కూడా అయిపోయింది. ఇప్పుడు దాన్ని తవ్వి ఏం చేస్తావ్?"

"అందర్నీ మళ్ళీ చుట్టూ చేర్చి చెబుతాను."

"చెబితే నీ చేతుల్లోకి ఎవరు దూకుతారు? పద్నాలుగు ఊళ్ళ టూరుంది ముందు. మీ చెల్లెలు టికెట్లు అమ్మే గదిలో కూర్చుంటుందిలే, జీతం నేనిస్తాను. నోరు మూసుకుని నీ పని చూసుకో."

నోరు మూసుకునే వచ్చాను. నీకు రాయడానికి కూడా పది రోజులు పట్టింది. నువ్వు మళ్ళీ గోడ ఎక్కుతానని రాయకపోతే ఇది రాసేవాణ్ణి కానేమో, అది కూడా తెలుసుకో.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆట. పొద్దున వ్యానులో కిటికీ సీటు కోసం జోస్లిన్ నోర్మాన్‌తో తగువు పెట్టుకుంది. ఆటలో వాడు దాన్ని నడుం దాకా రానిచ్చి పట్టాడు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. తెర పడ్డాక ఆ పిల్ల మెట్ల మీద నా దగ్గరికొచ్చి కూచుంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. అడిగింది.

"గిస్లాన్, నేను ముందు దూకేశానా?"

"కొంచెం తొందరపడ్డావు" అన్నాను.

ఇట్లు,
అన్నయ్యనని రాసుకోవడానికి ఇంకా సిగ్గు రాని
గిస్లాన్