జీపు వెనుక చక్రాలకు లాకర్ ఎంపిక గురించి

అన్నా,

నువ్వు పోయి ఏడాది నిండిన సందర్భంగా ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా: గంగారం వాగు బురదలో మన జీపు వెనుక చక్రం ఒకటి ఉత్తినే తిరుగుతుంటే, బంపరెక్కి నీ బరువుతో దాన్ని నేలకు అదిమే పదవి నీ మరణంతో ఖాళీ అయింది. తగిన అభ్యర్థులు రాలేదు. వారానికి రెండుసార్లు మనల్ని కన్న అవ్వను డయాలసిస్‌కు మానుకోట దవాఖానకు చేర్చాలి, వానలు మొదలయ్యాయి. కనుక రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్ బిగించాలని తీర్మానించి, అవ్వతో సహా మరిపెడ మెకానిక్ ఎదుట హాజరయ్యాను.

"రెండు రకాలున్నయవ్వా. ఒకటి స్విచ్చి నొక్కితెనే పట్టుకుంటది. ఇంకోటి చెప్పకుండనే పట్టుకుంటది, కాని తారు రోడ్డు మలుపుల కాడ టకటకమంటది," అన్నాడతను.

నేను చప్పుడు చేయని స్విచ్చి రకాన్ని సిఫారసు చేశాను. అవ్వ తోసిపుచ్చింది.

"మా పెద్దోడు పిలిచెదాక ఆగిండా ఎన్నడన్న? జీపాగకముందే దుంకెటోడు. ఇగ లొల్లంటవా, వాడు నోర్మూసుకున్నదెప్పుడు? గదే బిగియ్యి బిడ్డా."

బిగించాం. నిన్న వాగు దాటాం. ఎవరూ దిగవలసిన అవసరం రాలేదు. మానుకోట రోడ్డెక్కాక మొదటి మలుపులోనే టకటక చప్పుడు మొదలైంది. జీపులో మోగుతున్న పాటలను అవ్వ ఆపించింది.