గట్టి పుట్టీ

నా మొండిఘటానికి,

ఎదురుపడితే నాలుక తిరగడం లేదు, అందుకే ఇది రాసి నీ గ్లాసు కింద పెడుతున్నాను. ఒకే కప్పు కింద ఉంటూ మొగుడూ పెళ్లాలకి ఉత్తరాలేమిటని నవ్వుకో.

నీ పడవ చుక్కాని బాగైంది. అక్క దగ్గరికి వెళ్లిపోతానన్న మర్నాడే రాయి తగిలిందన్నావు. అదృష్టం, గుంట గుండ్రంగా ఒకేచోట పడింది. కాకపోతే లోపలి చెక్క నీళ్లు తాగింది. చెడిందంతా ఉలితో తీసి ఆరబెట్టాను. ఆ తర్వాతే చిక్కొచ్చింది, ఏ పుట్టీ పెట్టాలా అని. ఎపాక్సీ జిగురులో తేలిక పొడి కలిపితే వెన్నలా పరుచుకుంటుంది, కాస్త రుద్దితే నున్నబడుతుంది, కానీ అలల దెబ్బకి నిలవదు. తరిగిన గాజునార కలిపితే గట్టిగా ఉంటుంది, రుద్దేవాడి చేతులు పడిపోతాయి.

నిజం చెప్తున్నాను, తేలిక పొడి డబ్బా మూత తీశాను. పుట్టీ ఊడితే సగం దారిలోంచి వెనక్కి వస్తావు కదా అని పాడుబుద్ధి పుట్టింది. చుక్కాని పోయిన పడవ వెనక్కి మాత్రం ఎలా వస్తుంది? నా మీద నాకే అసహ్యం వేసి మూత బిగించేశాను. గాజునారే పెట్టాను.

ఇక తిరిగి రానని మీ అక్కతో అన్నావట. నీ ఇష్టం. గాలి చూసుకుని జాగ్రత్తగా వెళ్లు.

నీ
పుట్టీ మేస్త్రి

*

పుట్టీ మేస్త్రి గారూ,

చుక్కాని తడిమి చూశాను. ఎక్కడ పూడ్చారో గోటికి కూడా తెలియడం లేదు. మీ పనికి వంక పెట్టే అవసరం నాకు ఏనాడూ రాలేదు.

ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. 'ఉండిపో' అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని వెనక వైపు కూడా తిప్పి చూశాను. పుట్టీ గురించి అంత రాశారు, ఆ ఒక్క మాటకి కాగితం చాలలేదా?

రాయి తగిలితే గీతలు పడతాయండీ, గుండ్రటి గుంట పడదు. పెళ్లైన కొత్తలో మీ పడవల షెడ్డులో మీరే నాకు చెప్పారు. ఆ గుంట చూసి "ఎందుకే కొట్టావు?" అని అడుగుతారనుకున్నాను. అడిగితే ఏడ్చేదాన్ని, ఏడిస్తే వెళ్లేదాన్ని కాదు. అందుకోసమే రోజూ వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. "వెలుతురుకి అడ్డం రాకు" అన్నారు.

కోపం లేదు, బాధగా ఉంది. ఇంకోసారి కొడదామన్నా మీరు పెట్టిన పుట్టీ పగిలేది కాదు.

గాలి అనుకూలంగా ఉంది, వెళ్తున్నాను. మీ సుత్తి దాని మేకుకే తగిలించాను. దాని మొహాన చుక్కాని నీలం రంగు ఇంకా అంటుకునే ఉంది.

మీ
మొండిఘటం