మాట లేని రిహార్సల్

బాబాయి గారికి నమస్కారం.

మన నాటకానికి నా బదులు వేరే దర్శకుణ్ణి వెతుకుతున్నారని పిన్ని చెప్పింది. దయచేసి ఆగండి. గొంతు ఆపరేషన్ తర్వాత నాకు మాట రావడం లేదన్నది నిజమే. మళ్లీ వస్తుందో రాదో డాక్టరు గారు చెప్పలేదు, నేనూ అడగలేదు.

రిహార్సల్ మాత్రం ఆగలేదు. కంప్యూటర్‌లో డిజిటల్ వైట్‌బోర్డు తెరిచి, ప్రొజెక్టరుతో హాలు గోడమీద పెద్దగా కనబడేలా పెట్టాను. ఒక్కో సన్నివేశానికి ఒక్కో రంగు చీటీ. ఎవరు ఎటునుంచి రావాలో బాణం గుర్తులు. మొదట్లో అందరూ బిక్కమొహాలు వేశారు. నిన్న మన విలన్ మౌసు లాక్కుని తన చీటీని ముందుకు జరిపాడు.

"అక్కా, నేనిక్కడే వచ్చేస్తే హీరోయిన్ ఏడుపుకి అర్థముంటుంది కదా?" అన్నాడు.

"మరి నా పాట ఎక్కడికి పోవాలి?" అంటూ తల్లి వేషం ఆవిడ దెబ్బలాటకు దిగింది.

వాళ్లు వాదించుకుంటూనే చీటీలు అటూ ఇటూ మార్చారు. ఎంతకీ కుదరని ముగింపు చివరికి వాళ్ల చేతుల్లోనే కుదిరింది. నేను చప్పట్లు కొట్టాను.

శనివారం వచ్చి చూడండి. నచ్చకపోతే నా మొహం మీదే చెప్పండి. కానీ ఇది ఎదురు మాట్లాడలేదులే అని ధీమాగా ఉండకండి. బోర్డు మీద పెద్దపెద్ద అక్షరాలతో రాస్తాను.

మీ అమ్మాయి